ఉన్నోళ్ళ వీధిలో లేనోళ్ళ ఇల్లు

మొన్న ఆదివారం మా వీధి మొదట్లో ఉన్న రెండంతస్తుల మేడ అమ్మకానికుందని తెలిసి ఒక జంట మారుతి కారులో వచ్చింది. అబ్బాయి హాలు పొడవును అడుగులతో కొలిచాడు. అమ్మాయి వంటింటి గట్టు రాయి మీద వేలితో రాసి చూసుకుంది. ఇరవై నిమిషాల్లో బయటికొచ్చి, గేటు దగ్గర నిలబడ్డ నన్ను చూసి, "అంకుల్, ఏరియా మంచిదేనా?" అని అడిగారు. మంచిదేనన్నాను. అది చాలన్నట్టు కారెక్కి వెళ్ళిపోయారు. నల్లా ఏ పూట వస్తుందో అడగలేదు. వాన పడితే నీళ్ళు ఎటు పోతాయో అడగలేదు. అసలు నేను ఈ వీధివాణ్ణో, దారిన పోయేవాణ్ణో కూడా అడగలేదు.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆమె గుర్తొచ్చింది. ఆమె ఉండి ఉంటే, "గిట్ల కొత్తిమీర కట్ట గూడ కొనొద్దు సేటూ, వీళ్ళు మేడ కొంటరట" అనేది. ఈ కాలనీలో ఇల్లు కొనడానికి ఆమె నాలుగు నెలలు తిరిగింది. నెత్తిన గంపతో తిరిగింది. ఆమె పోయి ఏడాది దాటింది.

పేరు రాయను. బజారులో ఆమెకు పేరుతో పని పడలేదు. గొంతు వినపడితే చాలు, ఎవరొచ్చారో ఇంటింటికీ తెలిసేది. నేను "పెద్దమ్మా" అనేవాణ్ణి. చుట్టరికమేమీ లేదు. ఆమె నన్ను "సేటూ" అనేది. అందులో గౌరవం పాలెంతో, వెక్కిరింపు పాలెంతో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

మాది ఇల్లందు బజారులో కిరాణా కొట్టు. ఉప్పు బస్తాల మధ్య పుట్టి పెరిగాను. నా చిన్నప్పటి ఏడుపులో కూడా బేరముండేదని మా అమ్మ అనేది. గ్లాసు పాలిస్తే చెంబు కోసం ఏడ్చి, గ్లాసున్నర దగ్గర రాజీ పడేవాణ్ణట. పెద్దయ్యాక ఆ విద్య ముదిరింది. పెళ్ళిచూపుల్లో పెట్టిన జిలేబీ ధర అడిగి, అది ఎక్కడ తక్కువకు దొరుకుతుందో మా మామగారికి చెప్పి వచ్చిన ఘనుణ్ణి. అలాంటి నాకు బేరం నేర్పానని ఆమె నలుగురిలో చెప్పుకునేది. కోపం వచ్చేది. అబద్ధం కాదు కనక మరీ వచ్చేది.

ఆమెది టేకులపల్లి అవతల, అడవి అంచున ఒక ఊరు. బస్సు టాపు మీద గంపలు, టాపు కింద ఆమె. ఎండాకాలం చింతపండు, ఆ తర్వాత కుంకుడుకాయలు, చీపుళ్ళు, అడ్డాకు విస్తళ్ళు. అడవి పల్లెల్లో గడపగడపకూ తిరిగి కొనుక్కొచ్చేది. వాళ్ళతో వాళ్ళ కోయ మాటలోనే మాట్లాడేది, మా కొట్లో మా మాట మాట్లాడేది, కండక్టరుతో మాత్రం ఎవరికీ అర్థం కాని మరేదో భాషలో పోట్లాడి గంపల టికెట్టు ఎగ్గొట్టేది. పెనిమిటి బొగ్గు బావిలో పనిచేసేవాడు, జ్వరమొచ్చి చిన్న వయసులోనే పోయాడు. ఒక్కతే కూతురు.

ధర ముందుగా తను చెప్పేది కాదు. "నువ్వే చెప్పు, పెద్ద దుకాణం గదా" అని చీరకొంగుతో మెడ తుడుచుకుంటూ కూర్చునేది. మనం చెప్పగానే మన మొహం చూడదు, కిందికి చూస్తుంది. సిగ్గేమో అనుకునేవాణ్ణి. ఒకసారి నాన్న ఊళ్ళో లేనప్పుడు కొట్టు నా చేతిలో ఉంది. గంపలోంచి చింతపండు తీసి నలిపి, మొహం చిట్లించి, "పోయినేడాది సరుకు పెద్దమ్మా, నల్లబడ్డది" అన్నాను. ఆమె నా కాళ్ళకేసి చూపించింది.

"నీ నోరేమో నల్లబడ్డదంటుంది. నీ కాళ్ళేమో గల్లా కాడికెల్లి గంప కాడికి నడిచొచ్చినయ్. నోరు అబద్ధమాడ్తది సేటూ, కాళ్ళు ఆడవు. కొనేటోని కాళ్ళు గంపనిడిసి కదలవు."

ఆ రోజు నేను చెప్పిన ధరకు ఆమె ఇవ్వలేదు, ఆమె అనుకున్న ధరకే నేను కొన్నాను. అప్పట్నుంచి ఏ బేరానికి కూర్చున్నా కాళ్ళు రెండూ బల్ల కింద దాచుకోవడం అలవాటైంది.

ఎనభైల మొదట్లో నేను ఖమ్మం వచ్చి కొట్టు పెట్టాను. ఆమె కూతురికి పెద్ద దవాఖానాలో నర్సు ఉద్యోగం వచ్చింది, అందుకని ఆమె కూడా వచ్చింది. తల్లీకూతుళ్ళు కిరాయి గదుల్లో ఉండేవాళ్ళు. గది అనకుండా గదులు అన్నాను, ఎందుకంటే ఏ గదిలోనూ ఏడాది దాటనిచ్చేవాళ్ళు కాదు. చింతపండు కాలం రాగానే ఆమె చాప పరిచి పండు ఎండబోసేది. ఈగలొస్తున్నాయని ఒక ఇంటివాడు, వాసనని ఇంకొకడు, తొక్కి కాలు జారిందని మరొకడు, ఖాళీ చేయమనేవాళ్ళు. మూటలు రిక్షాలో వేసుకుని నా కొట్టు ముందు నుంచే పోయేది. "ఏంది పెద్దమ్మా, మళ్ళీనా?" అంటే, "అవ్, ఊరంత చూడాలె గదా" అనేది.

అలా పన్నెండేళ్ళు గడిచాక, ఒక మధ్యాహ్నం గంప లేకుండా వచ్చి, పప్పు బస్తా మీద కూర్చుంది.

"సేటూ, ఇల్లు కొందామనుకుంటున్న."

ఊళ్ళో రెండెకరాలు అమ్మింది. తను దాచుకున్నది ఉంది. కూతురికి ఉద్యోగం మీద లోను వస్తుందట. నాకు ఉత్సాహం వచ్చింది. ఇంకొకరి డబ్బుతో బేరమాడటం కంటే సుఖం లేదు. మార్కెట్టు వెనక సందుల్లో రెండిళ్ళ పేర్లు చెప్పాను. పెద్ద వాకిలి, మూడు గదులు, చవక. చింతపండు ఎండేసుకున్నా అడిగేవాడుండడు. మున్నేటి ఒడ్డు వైపు ఇంకా చవకన్నాను.

ఆమె అంతా విని, "బంగ్లాల కాలనీల చూడు" అంది.

నేను తూకపు రాయి కింద పెట్టేశాను. ఆ కాలనీలో డాక్టర్లు, వకీళ్ళు, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న పెద్ద రైతులు ఉండేవాళ్ళు. మా బజారులో సేటులనిపించుకున్నవాళ్ళే అటు పోవాలంటే కడిగిన చొక్కా వేసుకునేవాళ్ళు.

"పెద్దమ్మా, అక్కడ నీ పైసలకు స్నానాల గది వస్తది."

"ఇను" అంది. వేళ్ళు మడుస్తూ చెప్పడం ఆమెకు అలవాటు. కానీ ఆ రోజు ఒక్క వేలే మడిచింది. "పిల్లకు వారం ఇడిసి వారం రాత్రి డ్యూటీ. నడిచొచ్చే తొవ్వల లైటు ఎలగాలె. మార్కెట్టు ఎనక లైటు పోతే నెల దాక రాదు. బంగ్లాలల్ల పోతే? డాక్టరు ఫోను కొడ్తడు, వకీలు కాయితం రాస్తడు, పొద్దుగూకేసరికి నిచ్చెనేసుకుని లైన్‌మ్యాన్ వస్తడు. ఉన్నోళ్ళ కోసం ఏసిన లైటు సేటూ, నా బిడ్డ మీద పడొద్దంటదా?"

ఆమె లేచి నిలబడి మరొక మాట అంది. తర్వాత ఎంతమందికో ఆ మాట నేను నా సొంత తెలివిలాగా చెప్పాను. "ఉన్నోళ్ళ గల్లీల లేనోని ఇల్లు కొనాలె. లేనోళ్ళ గల్లీల ఉన్నోని ఇల్లు కొనొద్దు."

ఇల్లు చూడటం అంటే నేననుకున్నది వేరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాను. ఆమె నా చేతికి చీపుళ్ళ కట్ట ఇచ్చింది, భుజాన తువ్వాలు నెత్తికి చుట్టమంది.

"ఇదేంది?"

"గంప నెత్తిన ఉంటే మనిషి కనవడదు. గంపే కనవడ్తది. నువ్వు సేటు లెక్క పోతే గేటు కాడ బంగ్లా సూపిస్తరు. గంపతోటి పోతే బంగ్లాల ఏమున్నదో సూపిస్తరు."

అలా నేను, ఖమ్మం బజారులో మూడు తక్కెళ్ళున్న వ్యాపారిని, పట్టపగలు చీపుళ్ళు మోస్తూ ఆమె వెనక నడిచాను. ఆమె ముందు నడుస్తూ, పెదవి కదిలీ కదలకుండా చెప్పుకుపోయేది. "గీ ఇంట్ల నాలుగు బాత్రూములు, మురికంత వీధిల్నే ఇడుస్తరు. దీని పక్కన వద్దు... గీ ఇంటాయన పెండ్లంతోటి పనిమనిషి నోటితోనే మాట్లాడ్తడు, పొద్దస్తమానం తలుపు దబ్బుమంటది... గీమె బంగారం. మంచినీళ్ళు అడిగితే గ్లాసుల ఇస్తది. పై నుంచి దోసిట్ల పొయ్యది." ప్రతి గేటు దగ్గరా ఆమె మంచినీళ్ళు అడిగేది. ఒక్క ఉదయంలో పదకొండు ఇళ్ళ నీళ్ళు తాగింది. ఏ బావి ఉప్పనో, ఏ బావి తీపో, ఎవరు తెచ్చిస్తారో, ఎవరు తెప్పిస్తారో, అన్నీ ఆ కడుపులో ఉన్నాయి.

ఆ రోజు నాకొక ఘోరం జరిగింది. ఒక డాక్టరుగారి భార్య, ప్రతి నెలా నా కొట్లో సరుకులు తీసుకునే మనిషి, గేటు తీసి "చీపురు ఎంత?" అంది. తువ్వాలు కిందికి లాక్కుని ధర చెప్పాను. ఆమె సగానికి అడిగింది. నేను ఆమెను గెలవనిచ్చి పోవాల్సింది. పుట్టుక బుద్ధి, ముప్పావు దగ్గర పట్టుబట్టి కూర్చున్నాను. పావుగంట గడిచాక ఆవిడ నన్ను తేరిపార చూసి, "మీరు... కిరాణా కొట్టు..." అంది. చీపురు ఆవిడ చేతిలో పెట్టి, పైసలు అడగకుండానే నడిచాను. సందు మలుపులో పెద్దమ్మ గంప దించుకుని, కడుపు పట్టుకుని నవ్వుతోంది. "ఏం సేటూ! అగ్గువకు కొంటవనుకున్న గని, పుక్కట్ల అమ్ముతవనుకోలే!"

ఆ తిరుగుడులోనే కాలనీ చివర ఒక చిన్న ఇల్లు చూపించింది. చూపించడమంటే ఆ ఇంటి గోడ నీడన గంప దించి కూర్చోవడమే. రెండు గదులు, వంటిల్లు, ముందు వరండా, పైన చదును డాబా, పెరట్లో బావి. అక్కడన్నీ జొన్నచేలున్న రోజుల్లో ఒక ఇంజనీరుగారు దగ్గరుండి కట్టించుకున్న ఇల్లు. బంగ్లాలన్నీ తర్వాత వచ్చి చుట్టూ లేచాయి. ఇప్పుడాయన రిటైరయ్యాడు. భార్యది రాజమండ్రి వైపు, అక్కగారి దగ్గరికి పోయి ఉందామని ఆమె పోరు. ఇల్లు అమ్ముతారని బయటివాళ్ళెవరికీ అప్పటికింకా తెలియదు. గోడ నీడన కూర్చున్న పెద్దమ్మకు తెలుసు.

"బేరం నువ్వు మాట్లాడు సేటూ" అంది. "నేను పోతే ధర గూడ చెప్పరు. గేటు కాడనే 'ఇయ్యాల వద్దు పో' అంటరు."

ఆమె అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

ఒక శుక్రవారం పొద్దున వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా, చేతి గడియారం. ఆమె గేటు బయట గంపతో కూర్చుంది. ఇంజనీరుగారు వరండాలో పేము కుర్చీ చూపించారు. మంచి మనిషి, మెత్తటి మాట.

"ఎవరి కోసం బాబూ?"

"మా పెద్దమ్మ కోసమండి."

"ఏం చేస్తారు వారు?"

"అటవీ ఉత్పత్తుల వ్యాపారమండి. పెద్ద ఎత్తున." నెత్తి మీద మోసేది ఎంతైనా ఎత్తుగానే ఉంటుందని మనసుకు చెప్పుకున్నాను.

ఆయన ధర చెప్పారు. న్యాయమైన ధరే. న్యాయమైన ధర వింటే నాకు ఒళ్ళు మండుతుంది, కోయడానికి సందుండదు. అయినా మూడో వంతు కోసి చెప్పాను. ఆయన నవ్వి, "నేను ఒక్క మాటే చెప్తాను బాబూ" అన్నారు. అప్పుడు నేను మా తాతముత్తాతల అస్త్రం తీశాను.

బజారులో పుట్టినవాళ్ళకు ఈ పద్ధతి చెప్పనక్కర్లేదు. ధర కుదరకపోతే కొనేవాడు లేచి నడవాలి. వెనక్కి చూడకూడదు. వాడు మూడో దుకాణం దాటేలోపు అమ్మేవాడు పిలవాలి. పిలిచాడా, బేరం కుదిరినట్టే. వాడు పిలుస్తాడని వీడికి తెలుసు, వీడు ఆగుతాడని వాడికి తెలుసు. మా నాన్న అలా నడిచి కాటా కొన్నాడు, మా తాత ఎడ్ల జత కొన్నాడు.

"అయితే సెలవండి" అని లేచాను. గేటు దాటాను. మెల్లగా నడిచాను. పిలుపు లేదు. ఇంకా మెల్లగా నడిచాను. ఆ కాలనీలో మూడో దుకాణం కాదు, మొదటి దుకాణమే లేదు. ఎంత దూరమైనా గోడలే. చివరి కరెంటు స్తంభం దాకా పోయాను. ఇంక పోవడానికి వీధి లేక వెనక్కి తిరిగాను. వరండాలో కుర్చీలు ఖాళీ. తలుపు మూసి ఉంది. ఆయన నిజంగానే సెలవనుకున్నాడు.

కాళ్ళీడ్చుకుంటూ గంప దగ్గరికొచ్చాను. "పిలుస్తడు పెద్దమ్మా, జర ఆగు."

"ఎవరు పిలుస్తరు? ఆయన బతుకుల ఎన్నడన్న ఏమన్న అమ్మిండా? నెల కాంగనే జీతం తీసుకున్నోడు. జీతం కాడ బేరముంటదా? పొయ్యేటోన్ని పిలువాలెనని ఆయనకు ఎవలు చెప్పాలె?"

అంతలో ఇంజనీరుగారి భార్య పక్కింటి ప్రహరీ మీదుగా ఎవరితోనో అంటోంది. "ఎల్లుండి ఆదివారం ఆ గ్రానైటు కాంట్రాక్టరు డబ్బంతా పట్టుకుని వస్తాడండీ. మొత్తం పడగొట్టేసి మేడ కట్టుకుంటాడట. ఏం చేస్తాం, మనం పోయేవాళ్ళం."

పెద్దమ్మ లేవబోయి ఆగిపోయింది. నేను నేల వైపు చూశాను. ఆమె నేర్పిన చూపే. చెప్పుల్లేని ఆ రెండు పాదాలూ మట్టిలో దిగేసినట్టున్నాయి. అటు కదలవు, ఇటు కదలవు. నా నడక వల్ల, నా తాతముత్తాతల తెలివి వల్ల, ఆ పాదాలకు చోటు పోయిందని అప్పుడు తెలిసింది.

ఆమె గంప ఎత్తింది. నెత్తికి ఎత్తుకోలేదు, నా చేతుల్లో పెట్టింది.

"పట్టుకో. నీ బేరమైపోయింది గద."

నెత్తి మీద చుట్టకుదురు కూడా తీసి గంపలో పడేసింది. జుట్టు సవరించుకుంది. కొంగు నడుముకు దోపింది. గేటు గడియ తీసింది. పన్నెండేళ్ళుగా ఆ గేటు బయట కూర్చున్న మనిషి, గడియ ఎటు తిరుగుతుందో అప్పుడే చూస్తున్నట్టు ఒక్క క్షణం తడబడి, లోపలికి నడిచింది. ఖాళీ తలతో, ఖాళీ చేతుల్తో.

అమ్మగారు తలుపు తీసి ఆశ్చర్యపోయింది. "ఏంటమ్మా, ఇవాళ గంప లేదేంటి?"

"ఇయ్యాల అమ్మనీకి రాలేదమ్మా. కొననీకి వచ్చిన."

గేటు దగ్గర నేను గంపను పొట్టకు ఆనించుకుని లోపలికి తొంగి చూశాను.

ఇంజనీరుగారు బయటికొచ్చారు. ఆమె పేము కుర్చీలో కూర్చుంది. ఇల్లు కొనేవాళ్ళు గడప మీద కూర్చోకూడదని తర్వాత నాకు చెప్పింది. ఆయన గేటు వైపు చూసి, "ఇందాక వచ్చిన ఆ అబ్బాయి మీ తాలూకానా?" అన్నారు.

"నా మనిషే సారూ. బేరం నేర్చుకుంటుండు."

అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గంపలోకి చూస్తూ చింతపండు లెక్కపెట్టాను.

"ఈ ఇల్లే ఎందుకమ్మా?" అన్నారాయన.

"నాకు ఎరికైన ఇల్లు గాబట్టి. మీ ఈశాన్యం గోడ వానకు చెమ్మ గుంజుతది. మీరు రెండుసార్లు సున్నమేయించిన్రు. నిలువలే. వంటింటి మీద ముసురు పట్టిన మూడో నాటికి కారుతది, గిన్నె పెడ్తరు, సప్పుడు నాకు బయటికి ఇనవడ్తది. బావి మే నెలల గూడ రెండు నిలువులుంటది, ఎండదు. పెరటి తలుపు కింద చెద పట్టింది, అమ్మగారు కిరసనాయిలు పోస్తది."

నేను ఉండబట్టలేక గేటు దగ్గర్నుంచే దగ్గాను. ఒక్కొక్క లోపానికీ ఎంత ధర తగ్గించొచ్చు! చెమ్మ గోడొక్కటే చాలు. ఆమె నా వైపు ఒక్క చూపు చూసింది. దగ్గు ఆగిపోయింది.

ఇంజనీరుగారు లేచి ఈశాన్యం గోడ దాకా వెళ్ళి, అరచేయి ఆనించారు. "పునాది రోజు వాన పడింది. తొందరపడ్డాను" అన్నారు, ఎవరితోనో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"ఎంతకిస్తరు సారూ?" ఆయన చెప్పారు. నాకు చెప్పిన ధరే.

"సరే" అంది.

సరే! ఒక్క రూపాయి తగ్గించమనకుండా! నా జన్మలో అంత భయంకరమైన మాట వినలేదు. గంప జారబోతే మోకాలితో ఆపుకున్నాను. అప్పుడామె అమ్మగారి వైపు తిరిగింది.

"అమ్మా, పన్నెండేండ్ల సంది నా కాడ చింతపండు కొంటున్నరు. ఎన్నడన్న కొసరెయ్యకుండ పోయిన్నా?"

కొలతంతా అయ్యాక అమ్మేవాళ్ళు పైన వేసే గుప్పెడే కొసరు. అది వేయకపోతే కొన్నవాళ్ళు గంప ముందు నుంచి లేవరు, లేవమనే హక్కు అమ్మేవాళ్ళకు లేదు.

"లేదమ్మా. ఎప్పుడూ వేశావు."

"మరి మీరు అమ్ముతున్నరు, నేను కొంటున్న. నాకు కొసరేది?"

అమ్మగారు ఫక్కున నవ్వింది. "ఇంటికి కొసరేంటమ్మా! ఏం కావాలి చెప్పు?"

"మూడు నెలలు. పిల్ల లోను రావాలె, నా పండు అమ్ముడువోవాలె. గందాక ఇల్లు ఇంకొకలకు సూపియ్యొద్దు."

నాకప్పుడు వెలిగింది. ఆమెకు తక్కువైంది డబ్బు కాదు, రోజులు. నేను ధర కోస్తూ కూర్చున్నాను. ఆమె ధరను వాళ్ళకే వదిలేసి రోజులు అడిగింది.

"కాంట్రాక్టరు ఆదివారమే మొత్తం ఇస్తానంటున్నాడు..." అని ఇంజనీరుగారు నసిగారు.

"ఆయన పడగొడతాడండీ" అంది అమ్మగారు. "ఈవిడ మన వంటింట్లో కారే చుక్క కూడా గుర్తు పెట్టుకుంది."

ఆయన మళ్ళీ గోడకేసి చూశారు. "మూడు నెలలు సరిపోతుందా అమ్మా?"

"సరిపోతది సారూ. ఎక్కువైతే మీకే నేను కొసరియ్యాల్సొస్తది."

తర్వాతి సంగతులు కొన్ని ముందే చెప్పేస్తాను. ఆ డాబా మీద ప్రతి ఎండాకాలం చింతపండు ఎండింది. ఖాళీ చేయమనేవాడు లేడు. వాసన మీద మొదట్లో మొహాలు చిట్లించిన బంగ్లాల అమ్మగార్లు, నాలుగో ఏటికి డాబా కింద నిలబడి, "మాకో వీశె పక్కన పెట్టమ్మా" అని తలెత్తి అడిగేవాళ్ళు. కూతురు తెల్లవారుజామున డ్యూటీ దిగి లైట్ల కింద నడిచొచ్చేది. నాలుగేళ్ళ తర్వాత నేను అదే వీధిలో ఇల్లు కొన్నాను, ఆమె కొన్న ధరకు రెట్టింపు పెట్టి. ఎన్నిసార్లు లేచి నడిచానో చెప్పను. రెట్టింపుకు మాత్రం పిలిచారు.

కానీ నాకు గుర్తుండిపోయింది రిజిస్ట్రేషను రోజు. ఆ మూడు నెలల్లో కాలనీ పెద్దమనుషులిద్దరు ఇంజనీరుగారి దగ్గరికి వచ్చి, మన వీధి సంగతి ఆలోచించండన్నారట. మాటిచ్చానని ఆయన కాఫీ ఇచ్చి పంపారట. అయినా సంతకాలు పడేదాకా నమ్మకం లేదు. పెద్దమ్మ ఆ పొద్దున ఏమీ తినలేదు.

ఆఫీసు బయట రేకుల షెడ్డు కింద దస్తావేజు రాసే ఆయన బల్ల. ఇంజనీరుగారు, అమ్మగారు, పెద్దమ్మ, డ్యూటీ నుంచి తిన్నగా తెల్ల చీరలోనే వచ్చిన కూతురు, సాక్షి సంతకానికి నేను. షెడ్డు నిండా జనం. లేఖరి నా చొక్కా చూసి, "కొనేది మీరేనా?" అన్నాడు. ఆమెను చూపించాను. ఆయన ఆమె పేరు, భర్త పేరు అడిగి రాసుకున్నాడు. వృత్తి అన్నచోట అడగకుండానే ఏదో రాసి ముందుకు సాగాడు.

"ఆగు. ఏం రాసినవ్? బిడ్డా, సదువు" అంది.

"గృహిణి అని రాసిండమ్మా."

"అంటే?"

"ఇంట్ల ఉండేటామె."

"నేనెన్నడున్న ఇంట్ల?" అంది. పక్క బల్లవాళ్ళు కూడా నవ్వారు. ఆమె నవ్వలేదు. "కొట్టెయ్. చింతపండు వ్యాపారం అని రాయి."

లేఖరి గొంతు తగ్గించాడు. "అమ్మా, అది మంచి కాలనీ. రేపు ఎవరన్న కాయితం చూస్తే..."

"చూడాలెననే."

ఆయన నన్ను చూశాడు. అటవీ ఉత్పత్తులని చెప్పిన నోరు నాది, నేనేమంటాను? ఇంజనీరుగారిని చూశాడు. "కొట్టివేత పడితే కాయితం ఖరాబవుతుంది సార్, ఇద్దరూ పక్కన సంతకాలు పెట్టాలి."

ఇంజనీరుగారు జేబులోంచి పెన్ను తీశారు. "ఆవిడ చెప్పినట్టు రాయండి. ముందు నేను పెడతాను."

గృహిణి మీద గీత పడింది. పైన కొత్త అక్షరాలు పడ్డాయి. ఇంజనీరుగారు గొలుసు సంతకం చేశారు. దాని కింద ఆమె, కూతురు రాత్రిళ్ళు పలక మీద దిద్దించిన పేరును, ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, పెదవి బిగించి రాసింది. వెనక వరసలో జనం విసుక్కుంటున్నారు. తొందరపడలేదు.

రాసి, పెన్ను బల్ల మీద పెట్టి, కాయితం లేఖరి ముందుకు తోసింది.

"ఇప్పుడు సదువు."

లేఖరి గొణిగినట్టు చదివాడు. ఆమె షెడ్డంతా ఒకసారి కలియజూసింది.

"గట్టిగ సదువు."